పలక మీద పుట్టే కారు

1996లో ఇంగ్లండులోని హేన్స్ ప్రచురణ సంస్థ ఒక పుస్తకం వేసింది. రాసినవారు రాన్ ఛాంపియన్. సొంత స్పోర్ట్స్ కారును 250 పౌండ్లకే కట్టుకోవచ్చని పుస్తకం పేరులోనే ఉంది. ఆనాటి మారకంలో మన డబ్బు పద్నాలుగు వేల రూపాయల దరిదాపు. ఆ ధర చూసి ఆశపడి కొన్నవాళ్లు చాలామంది. కొన్నాక ఇంటి వెనక షెడ్డులో నిజంగానే ఇనప పైపులు కోయడం మొదలుపెట్టినవాళ్లూ తక్కువమంది కారు. ఆ పుస్తకం ప్రకారం పుట్టిన కార్లను లోకాస్ట్ అంటారు. బ్రిటన్ నుంచి అమెరికా, ఆస్ట్రేలియా దాకా ఇళ్లలో అవి తయారయ్యాయి.

ధర సంగతి తర్వాత చెబుతాను. నన్ను కట్టిపడేసింది పని తీరు. కారు అనగానే పెద్ద ప్రెస్సులు, అచ్చులు, రోబోలు ఉండే ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఛాంపియన్ ఆ కారు పనిని హ్యాక్సా, ఆకురాయి, మూలమట్టం, డ్రిల్లు, చిన్న వెల్డింగ్ మిషన్ ఉన్న మనిషికి లొంగేలా విడగొట్టారు. ఆ మనిషికి చేయి తిరిగి ఉండాలన్న షరతు కూడా పెట్టలేదు. ఖచ్చితత్వాన్ని చేతిమీద వదిలేయకుండా ఒక చెక్క పలకలోనూ, పని జరిగే వరసలోనూ పెట్టారు. ఈ పుస్తకంలోని గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

కారు రూపం ఆయన ఊహించింది కాదు. 1957లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ దీనికి మూలం. పొడుగాటి ముక్కు, చక్రాల మీద విడివిడిగా నిలిచే రెక్కలు, ఇద్దరు ఒదిగి కూర్చునే ఇరుకైన చోటు, వెనక చక్రాలకు ఆనుకున్నట్టుండే సీట్లు. అంతకుమించి ఏమీ లేదు. చాప్‌మన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతుండగానే, 1948లో పాత ఆస్టిన్ సెవెన్ ఒకటి కొని, తర్వాత తన భార్య అయిన హేజెల్ పుట్టింటి వెనక గ్యారేజీలో దాన్ని పోటీ కారుగా మార్చాడు. లోటస్ సంస్థ వెనక ఉన్నది ఆ గ్యారేజీయే. ఈ పుస్తకం వేసిన హేన్స్ సంస్థ కథా అలాంటిదే. జాన్ హేన్స్ బడిలో చదువుకునే రోజుల్లో ఆస్టిన్ సెవెన్‌ను తేలికపాటి స్పోర్ట్స్ కారుగా మార్చి, ఎలా మార్చాడో 1956లో చిన్న పుస్తకంగా అచ్చేశాడు. 250 ప్రతులు పది రోజుల్లో అమ్ముడుపోయాయి. 1922లో సామాన్య కుటుంబాల కోసం వచ్చిన ఆ చిన్న కారు, పాతబడి తుక్కు ధరకు దిగాక, యుద్ధానంతర ఇంగ్లండులో ఒక తరం కుర్రాళ్లకు చేతిపని నేర్పింది.

ఛాంపియన్ పనిచేసింది నార్తాంప్టన్‌షైర్‌లోని ఔండల్ బడిలో. ఎఫ్.డబ్ల్యు. శాండర్సన్ హెడ్‌మాస్టరుగా 1892 నుంచి 1922 దాకా దాన్ని నడిపి, చదువులోకి వర్క్‌షాపులను తెచ్చారు. ఆయన గురించి హెచ్.జి. వెల్స్ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. పిల్లలు కొలిచి, కోసి, అతికి నేర్చుకునే సంప్రదాయం పాతుకుపోయిన చోటు అది. లోకాస్ట్ పుస్తకంలో వినిపించేది కూడా పిల్లల పక్కన నిలబడి పని చూపించే మేష్టారి గొంతే.

లోటస్ సెవెన్‌ను మొదటినుంచీ విడిభాగాలుగా అమ్మేవారు. అప్పటి బ్రిటన్‌లో పూర్తి కారు మీద కొనుగోలు పన్ను బరువుగా ఉండేది, విడిభాగాల పెట్టె మీద ఉండేది కాదు. బిగించే పద్ధతి కాగితం మీద రాసి ఇస్తే పన్ను మినహాయింపు పోతుంది కనుక, విప్పే పద్ధతి రాసి ఇచ్చారనీ, కొన్నవాళ్లు దాన్ని చివరినుంచి మొదటికి చదువుకున్నారనీ లోటస్ అభిమానులు చెప్పుకుంటారు. 1973లో వ్యాట్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది సెవెన్ తయారీ హక్కులు కేటరమ్ సంస్థకు వెళ్లాయి. కేటరమ్ చేసేవి చక్కని కార్లే గానీ, చవకైనవి కావు. ఛాంపియన్ ఆ ఖాళీలోకి వచ్చారు.

ఇక పనిలోకి.

లోకాస్ట్ చట్రం 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపుతో కడతారు. గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. ఇంటి కిటికీలకూ గేట్లకూ వాడే రకం మెత్తటి ఉక్కే. నలుచదరపు పైపును ఎంచుకోవడంలోనే పనితనం మొదలైంది. గుండ్రటి పైపును మరో గుండ్రటి పైపుకు అతకాలంటే, దాని చివరను రెండోదాని ఒంపు పట్టేలా చేప నోటిలా తొలవాలి. ఎంత అనుభవం ఉన్నవాడికైనా అది తంటా. నలుచదరపు పైపుకు రంపంతో ఒక తిన్నటి కోత చాలు. కోణం ఏదైనా కోత మాత్రం తిన్ననే. ఈ ఒక్క నిర్ణయంతో చట్రంలోని వందకు పైబడిన చివరలు ఇంట్లో కోసుకోగలిగినవి అయ్యాయి.

పుస్తకంలో ప్రతి పైపుకూ ఒక అక్షరం, ఒక పొడవు, కోత కోణం ఉంటాయి. గీసిన గీతకు ఒక పిసరు బయటగా కోసి, మిగిలింది ఆకురాయితో గీత దాకా అరగదీయాలి. ఇక్కడ ఓపిక పట్టాల్సిందే. రెండు పైపుల మధ్య సందు మిగిలితే వెల్డింగుతో పూడ్చేయవచ్చని కొత్తవాళ్లు అనుకుంటారు. సందులో పోసిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ పైపును తనవైపు లాక్కుంటుంది. సందు ఎంత పెద్దదైతే లాగుడు అంత ఎక్కువ. అందుకే ఆకురాయితో అరగదీసే ఆ కాసేపటి పని మీదే చట్రం తిన్నదనం ఆధారపడి ఉంటుంది.

తర్వాత పలక. మందపాటి, వంపులేని చిప్‌బోర్డునో ప్లైవుడ్‌నో గట్టి బల్లకు బిగించి, రసమట్టంతో చదును సరిచూసి, చట్రం అడుగుభాగాన్ని దానిమీద అసలు సైజులో గీస్తారు. నడిమధ్యన ముందునుంచి వెనక్కి ఒక గీత ఉంటుంది. కొలతలన్నీ ఆ గీతనుంచి తీసుకోవాలి. ఒక పైపు నుంచి పక్క పైపుకు, అక్కణ్ణుంచి ఇంకోదానికి కొలుచుకుంటూ పోతే చిన్న తేడాలు పోగుపడి చివరికి పెద్ద తప్పవుతాయి. నడిమి గీతనుంచి కొలిస్తే ఏ పైపు తప్పు ఆ పైపుతోనే ఆగిపోతుంది. గీసిన బొమ్మ మీద పైపులు పరిచి, అటూ ఇటూ చెక్క దిమ్మలు మేకులతో బిగిస్తే ఇక అవి కదలవు. ఫ్యాక్టరీలో లక్షలు పోసి చేయించే జిగ్గు చేసే పనే ఇది. ఇక్కడ దానికయ్యేది చెక్కముక్కలు, మేకుల ఖర్చు.

పలక మీద అమర్చిన పైపులను వెంటనే పూర్తిగా అతకకూడదు. ఒక్కో జాయింటుకు రెండు మూడు చిన్న ట్యాకులు, అంటే తాత్కాలికంగా పట్టి ఉంచే చుక్క వెల్డులు, మాత్రమే కొట్టాలి. అప్పుడు మూలమూలలకూ టేపు పెట్టి కొలవాలి. చట్రం ముందువైపు సన్నబడుతుంది కనుక అది దీర్ఘచతురస్రం కాదు. అయినా కుడి ఎడమలు సమానమైతే రెండు కర్ణాలూ సమానంగానే రావాలి. తేడా వస్తే ట్యాకును గ్రైండరుతో కోసి సరిచేసుకోవచ్చు, పోయేదేమీ లేదు. నిలువు పైపులు, పై పైపులు, ఇంజను గది ఏటవాలు పైపులు, గేరుబాక్సు సొరంగం, డాష్‌బోర్డు కింది ఆర్చి, ఇలా ఒక్కొక్కటిగా లేచి, చట్రం మొత్తం ట్యాకుల మీద నిలిచాకే అసలు వెల్డింగు. అదీ ఒక మూల కొంచెం, దానికి ఎదురు మూల కొంచెం, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, మధ్యలో చల్లారనిస్తూ. ఒకవైపు లాగుడును రెండోవైపు లాగుడు సరిపెడుతుంది. 1.6 మిల్లీమీటర్ల గోడకు కరెంటు ఎక్కువైతే కన్నం పడుతుంది, తక్కువైతే వెల్డు పైపైనే ఆగిపోతుంది. కనుక ముందు తుంపు ముక్కల మీద అతికి, వాటిని అడ్డంగా కోసి, లోపలిదాకా కరిగి కలిసిందో లేదో కళ్లతో చూసుకున్నాకే చట్రం మీద చేయి వేయాలి.

ఈ వరసను నేను చదివిన పుస్తకాల్లోని ఏ గొప్ప అధ్యాయానికీ తీసిపోనిదిగా చూస్తాను. తప్పు చేసే అవకాశం ఉన్న ప్రతి మెట్టులోనూ, దాన్ని దిద్దుకునే అవకాశం తర్వాతి మెట్టుకు ముందే ఉంచారు. కోయడంలో తప్పితే ఆకురాయి ఉంది. అమర్చడంలో తప్పితే దిమ్మ ఉంది. ట్యాకు తప్పితే గ్రైండరు ఉంది. వెనక్కి తిరగలేని పని, అంటే పూర్తి వెల్డింగు, అన్నిటికన్నా చివర్న వస్తుంది.

ఇంత సన్నటి పైపులు కారు బరువును, కుదుపులను ఎలా మోస్తాయన్నది తర్వాతి ప్రశ్న. బిగువు తప్పిన నులక మంచాన్ని పక్కకు నెడితే పట్టెలు, కోళ్లు విరగకుండానే మంచం ఒరిగిపోతుంది. మూలనుంచి మూలకు ఒక కర్ర కొట్టామంటే ఇక కదలదు. మూడు భుజాల ఆకారం ఏదో ఒక భుజం పొడవు మారితే తప్ప మారదు. ఈ పద్ధతి చట్రంలో పైపుల మీద ముఖ్యంగా పొడవునా లాగుడు, నొక్కుడు మాత్రమే పడతాయి. అడ్డంగా వంగే భారం చాలా తగ్గుతుంది. సన్నటి పైపుకు లాగుడు నొక్కుళ్లలో ఉన్న బలం వంపులో ఉండదు కదా. కట్టడాల లెక్కలు చదువుకున్న చాప్‌మన్ ఈ సూత్రాన్ని 1950ల మొదట్లో లోటస్ సిక్స్‌లోనే వాడాడు.

అయితే ఇంజను బయటికి తీయాలి, మనిషి లోపలికి దిగాలి. ఆ రెండు చోట్లా పైన అడ్డకర్ర పెట్టడానికి వీల్లేదు. ఈ రకం చట్రాలన్నిటికీ బలహీనత అక్కడే. చాప్‌మన్ దానికి చూపిన విరుగుడు రేకు. అడుగునా, పక్కలనా, సొరంగం మీదా రేకును దగ్గరదగ్గరగా రివెట్లతో బిగిస్తే అది అన్ని దిక్కులా వేసిన ఏటవాలు పైపుల్లా పనిచేస్తుంది. అందంకోసం అనిపించే తొడుగు నిజానికి చట్రంలో భాగం. అల్యూమినియం రేకుకూ ఉక్కు పైపుకూ మధ్య జిగురు సీలెంటు పూయడం వెనక కూడా ఆలోచన ఉంది. బిగువు పెరుగుతుంది, గలగలలు ఆగుతాయి, రెండు లోహాలు తడిలో తాకి తుప్పు పుట్టించుకోకుండా ఉంటాయి.

రేకు పని గురించి ఇంకొక మాట. రేకును ఒకే దిక్కుకు వంచడం ఎవరైనా చేయగలరు, ఒక పైపు చుట్టూ చేత్తో నొక్కితే వంగుతుంది. రెండు దిక్కులా ఒంపు తేవాలంటే సుత్తి, ఇసక సంచి, ఏళ్ల సాధన కావాలి. లోకాస్ట్‌లో పక్కలు, అడుగు, వెనక చుట్టు, డాష్‌బోర్డు పైభాగం, బానెట్టు అన్నీ ఒంటి ఒంపువే. రెండు దిక్కులా తిరిగేవి ముక్కు, రెక్కలు. వాటిని ఫైబర్‌గ్లాసువి కొనుక్కోమంటారు. 1960లో వచ్చిన రెండో తరం సెవెన్‌కు లోటస్ కూడా ముక్కు, రెక్కలు ఫైబర్‌గ్లాసుతోనే చేసింది. ఏది తన చేతిలో పని, ఏది కాదు అన్న గీత ఇంత నిజాయితీగా గీసిన పనిపుస్తకాలు అరుదు.

కదిలే భాగాలన్నీ ఒకే పాత కారునుంచి వస్తాయి. ఛాంపియన్ ఎంచుకున్నది ఫోర్డ్ ఎస్కార్ట్, 1968 నుంచి 1980 దాకా వచ్చిన మొదటి రెండు తరాలది. ఇంజను ముందు, తిరిగేది వెనక చక్రాలు. సెవెన్‌కు కావలసిన అమరికా అదే, వెనక ఇరుసు వెడల్పూ దాదాపు సరిపోతుంది. బాడీ తుప్పుపట్టి పరీక్షలో పోయిన ఎస్కార్టులు అప్పట్లో కారుచవక. పూర్తి కారు కొంటే ఇంజను, గేరుబాక్సు, ఇరుసు, స్టీరింగు, వైరింగు వస్తాయి. ఇవి ఒకదానితో ఒకటి ఎలాగూ సర్దుకున్న భాగాలే. వైర్లు తీసేముందు ఒక్కోదానికీ చీటీ కట్టి పేరు రాసుకుంటే, తర్వాత ఎన్నో రాత్రుల అవస్థ తప్పుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టును పొట్టి చేయించి బ్యాలెన్సు పట్టించడం లాంటి పనులు మాత్రం లేతు ఉన్న దుకాణానికే అప్పగించాలి.

ముందు చక్రాల దగ్గర ఎస్కార్ట్ సరిపడదు. దాని నిలువు స్ట్రట్టు పొడవుకు సెవెన్ బానెట్టు ఎత్తు చాలదు. అందుకని మరో ఫోర్డ్, కార్టినా నుంచి చక్రం మోసే భాగం తెచ్చి, పైనా కిందా త్రిభుజాకారపు విష్‌బోన్లు ఇంట్లోనే చేసి తగిలించారు. ఆ విష్‌బోన్లకు కూడా ఒక చిన్న పలక, దిమ్మలు ఉంటాయి. ఎడమదీ కుడిదీ ఒకే అచ్చులోనుంచి రావాలి. బ్రాకెట్టు రెండు మూడు మిల్లీమీటర్లు జరిగితే చక్రం వాలు మారి, బండి ఒక పక్కకు లాగుతుంది. వెనక ఎస్కార్ట్ పట్టీల స్ప్రింగులు ఈ తేలిక బండికి మరీ బిరుసు. వాటి బదులు ఇరుసును నాలుగు పొడవాటి లింకులు, పక్కకు జారకుండా ఒక పానార్డ్ రాడ్డు పట్టుకుంటాయి, కాయిల్ స్ప్రింగులు మోస్తాయి.

ఇంత పని ఎందుకో అంకెల్లో చెప్పవచ్చు. ఇలాంటి కారు బరువు 550 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 1600 సీసీ పాత ఫోర్డ్ ఇంజను 85 హెచ్‌పి ఇచ్చిందంటే టన్నుకు 155 దాకా పడుతుంది. అదే ఇంజను టన్ను బరువున్న మామూలు కారులో ఉంటే టన్నుకు 85. తేలికైన బండికి చిన్న బ్రేకులు చాలు, సన్నటి టైర్లు చాలు, మలుపులో నేలను పట్టుకునే తీరు వేరు. పెద్ద వేగాల దగ్గర మాత్రం బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు, నిలువు అద్దం గాలికి అడ్డంపడతాయి. మలుపుల దారులకోసం పుట్టిన బండి ఇది.

ఇప్పుడు ఆ 250 పౌండ్లు. పాత కారులో మిగిలినవి అమ్ముకుంటూ, తుక్కు దుకాణాలు వెతుకుతూ, పనికి పని బదులు చేసుకుంటూ వెళితే దగ్గరికి రాగల అంకె అది. చాలామందికి దానికి ఎన్నో రెట్లు అయింది. మనిషి గంటలను, పనిముట్లను అందులో కలపలేదు. మొదటి ముద్రణ కొలతల్లో కొన్ని తప్పులు దొర్లాయి. కట్టినవాళ్లే పట్టుకుని, తప్పుల పట్టిక తయారుచేసి ఒకరికొకరు అందించుకున్నారు. ఇంజను గది బిగువు చాలదని అనుభవజ్ఞులు అదనపు పైపులు చేర్చారు. పక్కనుంచి గుద్దుకుంటే కాపాడేది చాలా తక్కువన్నది కూడా నిజం, దాన్ని దాచకూడదు. ఇవేవీ ఆ పని వరసను చిన్నబుచ్చవు. తప్పు ఏ పైపులో ఉందో పేరుపెట్టి చెప్పగలిగేంత విడమర్చి రాసినందువల్లే వేలమంది దాన్ని సరిచేయగలిగారు.

కట్టిన బండి రోడ్డెక్కాలంటే ప్రభుత్వ పరీక్ష ఉంటుంది. బ్రిటన్‌లో 1998లో ఎస్‌వీఏ పేరుతో వచ్చి, 2009 నుంచి ఐవీఏ అయింది. బ్రేకులు, బెల్టులు, దీపాలు, పొగ, చప్పుడు అన్నీ చూస్తారు. మలుపు తిరిగాక వదిలేస్తే స్టీరింగు తనంతట తాను మధ్యకు రావాలి. బయట తగిలే అంచులకు కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రదనం ఉండాలి, నట్లకు ప్లాస్టిక్ టోపీలు తొడిగేది అందుకే. ఒంటరిగా ఒక మనిషి చేసిన ఒకే ఒక్క కారును ప్రభుత్వ నిపుణుడు గంటల తరబడి పరీక్షించి, బాగుంటే నంబరు ఇప్పించే ఏర్పాటు ఎంత విలువైనదో మన దేశంనుంచి చూస్తే తెలుస్తుంది. ఇక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉన్న బండి రూపాన్నే మార్చనివ్వదు. కొత్త నమూనాకు తయారీ సంస్థల స్థాయిలో అనుమతి పరీక్షలు ఉంటాయి. ఇంటిమనిషికి దారి దాదాపు మూసినట్టే.

ఎస్కార్టులు తర్వాత ర్యాలీ ప్రియుల చేతుల్లో ఖరీదైపోయాయి. అందుకని హేన్స్ 2007లో క్రిస్ గిబ్స్ చేత మరో పుస్తకం రాయించింది. అందులో పాత కారు ఫోర్డ్ సియెరా, వెనక చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. కారుగా అది మెరుగు. అయితే వెనక చట్రం చిక్కుపడింది, బ్రాకెట్లు పెరిగాయి. పని నేర్చుకోవాలనే మనిషి చేతికి నేను ఛాంపియన్ పుస్తకమే ఇస్తాను. ఆ పుస్తకం నుంచి పుట్టిన కార్లకే, 1300 సీసీ ఫోర్డ్ ఇంజన్లతో, 750 మోటార్ క్లబ్ అనే బ్రిటన్ పోటీల సంఘం లోకాస్ట్ పోటీలు కూడా నడిపింది. చాప్‌మన్ కుర్రతనంలో పోటీపడిన క్లబ్బే అది.

మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు 2007లో పీతంపూర్‌లో మొదలైన, విద్యార్థులు తామే కట్టిన బండ్లతో పోటీపడే బాహా ఎస్ఏఈ పోటీలకు ఏటా పైపుల చట్రాలు అతుకుతున్నారు. తెలుగు రాష్ట్రాలనుంచి వెళ్లే జట్లకూ కొదవలేదు. వాళ్లకు కంప్యూటర్లో బొమ్మ వేయడం, బలాల లెక్క కట్టడం బాగా వచ్చు. ఆ బొమ్మను నేలమీదికి దించే పనిని మాత్రం చాలాసార్లు బయటి వెల్డరుకు అప్పజెప్పాల్సి వస్తుంది. ఛాంపియన్ చట్రం అధ్యాయాన్ని ఎవరైనా తెలుగులో, మన బజారులో దొరికే పైపు గేజీలతో, మన వెల్డర్ల మాటల్లో తిరగరాస్తే, ఆ పిల్లలు పలక గీసుకుని మొదటి ట్యాకు తామే కొట్టుకోగలరు.